మార్తమ్మ బర్రె నెమరు వేసేదాకా

నేను జగిత్యాల దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా నా క్లాసు జీర్ణక్రియ పాఠంతోనే మొదలవుతోంది. బోర్డు మీద ఆవు పొట్ట గీస్తాను, నాలుగు గదులకు నాలుగు పేర్లు రాస్తాను, మేత ఎటునుంచి ఎటు పోతుందో బాణాలు పెడతాను. ఈ ఏడాది ముందు బెంచీలోని ఒకమ్మాయి లేచి, "మేడం, లోపల ఎట్లుంటదో మీరెప్పుడన్నా చూసిండ్రా?" అని అడిగింది. చూడలేదన్నాను. ఆ అమ్మాయి మామూలుగానే కూర్చుంది. నాకే ఆ రోజంతా ఏదోలా ఉంది.

తిరుపతిలో చదువుకునే రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న సుజాత ఇప్పుడు నెల్లూరు జిల్లాలో పశువుల డాక్టరు. ఈ సంగతి ఫోన్లో చెబితే పగలబడి నవ్వింది. "జనవరి ఆఖర్లో రామ్మే. నాలుగు రోజులుండు. పక్షుల్ని, రొయ్యల్ని, బర్రెల్ని అన్నిటినీ చూపిస్తా. తిండి మాత్రం నువ్వే అరిగించుకోవాల" అంది. సెలవు పెట్టి బయల్దేరాను.

గూడూరు

పొద్దున గూడూరులో దిగేసరికి సుజాత స్కూటీ మీద చెయ్యి ఊపుతూ కనిపించింది. నన్ను తిన్నగా నిమ్మకాయల మార్కెట్టుకు తీసుకుపోయింది. మా వైపు నిమ్మకాయలంటే కూరగాయల బండి మీద ఒక మూల చిన్న కుప్ప. ఇక్కడ షెడ్డు నిండా పసుపుపచ్చటి గుట్టలు, వాటి మధ్య కాళ్లు చాపుకుని కూర్చుని కాయల్ని సైజు ప్రకారం ఏరుతున్న ఆడవాళ్లు. ధర అడిగితే ఒకామె, ఈ పూట ధర మధ్యాహ్నానికి ఉండదమ్మా, అడిగి ఏం చేస్తావు అని ఒక కాయ నా చేతిలో పెట్టింది.

షెడ్డు వెనక పారేసిన కాయల దగ్గర ఒక మేక, ఒక ఆవు మేస్తున్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. మేక పెదవులతో తడిమి, కుళ్లినదాన్ని పక్కకు తోసి, మంచి తొక్కను మాత్రం కొరుకుతోంది. ఆవుకు ఆ ఓపిక లేదు. నాలుక చాపి, ఏది చుట్టుకుంటే దాన్ని లోపలికి లాగి మింగేస్తోంది. ఆవూ బర్రే ముందు మింగి, ఆ తర్వాత తీరిగ్గా నములుతాయని, మింగేటప్పుడు వాటికి ఎంపిక ఉండదని సుజాత చెప్పింది. ఈ ముక్క నేనూ క్లాసులో చెబుతాను. కానీ ఆ మాట అంటున్నప్పుడు సుజాత ముఖంలో నవ్వు లేదు.

తర్వాత బస్టాండు దగ్గర కారం దోసె తిన్నాము. ఎర్రటి కారం దోసె నిండా పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చారు. కారానికి మేమూ తక్కువ తినమనే ధీమాతో రెండోది కూడా చెప్పాను. ఆ ధీమా మధ్యాహ్నందాకా నిలవలేదు.

నేలపట్టు

గూడూరు నుంచి దక్షిణంగా పోతే నేలపట్టు చెరువు. నీళ్లలో నడుం లోతున నిలబడ్డ చెట్లు, కొమ్మకొమ్మకూ గూడబాతుల గూళ్లు. దూరం నుంచి చూస్తే చెట్లకు సున్నం కొట్టినట్టుంది. అక్కడ కాపలా ఉండే పెద్దాయన ఒకరు మాకు దుర్భిణి ఇచ్చి, ఎటు చూడాలో చూపించారు.

తల్లి గూడబాతు వచ్చి వాలగానే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల దూర్చేసింది. తల, మెడ, సగం ఒళ్లు లోపలికి పోయాయి. తల్లిని పిల్ల మింగుతోందా, పిల్లను తల్లి మింగుతోందా అని చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. తల్లి సగం అరిగిన చేపల్ని గొంతులోకి తెచ్చి పట్టుకుంటే పిల్ల లోపలే తినేస్తోంది. కాసేపటికి బయటికొచ్చి, గూట్లో పడి రెక్కలు కొట్టుకుని మెలికలు తిరిగింది. ఏమైందోనని భయపడ్డాను. పెద్దాయన మాత్రం, ఏం కాదమ్మా, తిన్నాక అట్టనే చేస్తాయి, ఎందుకో మాకూ తెలీదు అన్నారు. నిజంగానే ఆ పిల్ల లేచి మళ్లీ నోరు తెరిచింది.

చెట్ల కింద నీళ్లు రెట్టలతో తెల్లగా ఉన్నాయి. ఈ చెరువు నీళ్లు పారిన పొలాలకు ఎరువు పెద్దగా అక్కర్లేదని, అందుకే ఈ ఊళ్లవాళ్లు పక్షి మీద రాయి వెయ్యనివ్వరని ఆయన చెప్పారు. చేప పక్షిలో అరిగి, పక్షి రెట్ట వరిలో అరిగి, ఆ వరి మనకు అన్నమవుతుందని నేను లెక్చరర్ గొంతుతో మొదలుపెట్టేసరికి పైనుంచి నా భుజం మీద వెచ్చగా పడింది. పెద్దాయన తన తువ్వాలు అందించారు.

భుజం కడుక్కుంటూ ఉంటే సుజాతకు ఫోను వచ్చింది. కొడవలూరు దగ్గర మార్తమ్మ అనే ఆమె. ఆమె బర్రె ఐదు రోజులుగా మేత ముట్టడం లేదట, నెమరు వేయడం లేదట. నాటువైద్యం చేయించినా లాభం లేకపోయిందట. సుజాత విని, ఒక్కటే అడిగింది. "పేడ వేస్తోందా?" లేదన్న జవాబు విన్నాక స్కూటీ తాళం తీసింది.

కొడవలూరు

మార్తమ్మకు యాభై ఏళ్లుంటాయి. హైవే పక్కన రేకుల కింద ఇడ్లీ కొట్టు నడుపుతుంది. కొట్టు వెనకే ఇల్లు, ఇంటి పక్కన బర్రె పాక. భర్త ముత్తుకూరు వైపు లారీల యార్డులో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. కొట్టులో టీకి పాలు, పెరుగు అన్నీ ఆ బర్రెవే. దాని పేరు రాణి. నాలుగో నెల చూడి.

రాణి తల వేలాడేసి నిలబడి ఉంది. కళ్లు లోపలికి పోయాయి. సుజాత ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి నొక్కి, అలాగే కాసేపు ఉంచింది. తర్వాత స్టెతస్కోపు నా చెవులకు తగిలించింది. ఏమీ వినబడలేదు. ఆ తర్వాత పొలం గట్టున మేస్తున్న ఇంకో బర్రె దగ్గరికి నన్ను తీసుకుపోయి, మళ్లీ పెట్టింది. ఎక్కడో దూరాన లోడు లారీ మట్టిరోడ్డు మీద పోతున్నట్టు గురగుర. ఆగింది. మళ్లీ వచ్చింది. ఆ రెండింటికీ ఉన్న తేడా ఏ పాఠంలోనూ నాకు దొరకలేదు.

పొట్టలో ఏదో అడ్డం పడి ఉంటుందని, కోసి తీయాల్సిందేనని సుజాత చెప్పింది. చూడి మీద కొయ్యడం కొంచెం భయమే, కొయ్యకపోతే మాత్రం వారం బతకదు అని దాచకుండా అనేసింది. మార్తమ్మ ఆలోచించడానికి సమయం అడగలేదు. "దాన్ని నీ చేతిలో పెట్టినా డాక్టరమ్మా" అంది.

ఆ సాయంత్రం సుజాత వాళ్లింట్లో బొమ్మిడాయి చేపల పులుసు. కారం దోసెలు ఇంకా లోపల గొడవ చేస్తూనే ఉన్నాయి, అయినా పులుసు వాసనకు ఆగలేకపోయాను. చివరికి సుజాత అత్తగారు మజ్జిగలో వాము నూరి కలిపి, దగ్గరుండి తాగించారు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టారు. సుజాత దగ్గర చాలా ఏళ్లుగా పనిచేసే కోటయ్య రాణిని రెండు గుంజల మధ్య కట్టి, ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీసి, మందు రాశాడు. మార్తమ్మ రాణి నుదుటి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. సుజాత కత్తి పట్టుకుని, ఆమె ఆమెన్ అనేదాకా ఆగింది.

పశువును పడుకోబెట్టరని నాకు తెలియదు. తిమ్మిరి సూదులు వేసి, నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే కోస్తారు. తోలు, కండ, ఆ కింద బూడిదరంగులో పెద్ద పొట్ట. పొట్ట అంచును తోలుకు కుట్టేసి, లోపలి సరుకు పక్కలకు జారకుండా చూసుకుని, అప్పుడు దాన్ని తెరిచింది. పుల్లటి వాసన ఒక్కసారిగా వచ్చింది. సుజాత భుజం దాకా గ్లౌజు తొడుక్కుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. బయటికి వచ్చినప్పుడు ఆ చేతిలో గడ్డి లేదు. కవర్లు. జడ అల్లినట్టు ఒకదానికొకటి చుట్టుకున్న కవర్లు.

పావుగంటలో కోటయ్య పెట్టిన తట్ట నిండింది. అన్నీ చిన్నవి, అరచేయంత కవర్లు, మూతి దగ్గర దారంతో బిగించినవి. మార్తమ్మ వంగి ఒకటి తీసుకుంది. కొంగుతో తుడిచి, ఆ దారాన్ని వేళ్లతో తడిమి చూసింది.

"ఈ ముడి నాదే" అంది.

ఆమె కొట్టులో ఇడ్లీ కట్టించుకునేవాళ్లకు చట్నీ కట్టి ఇచ్చే కవర్లు అవి. లారీలవాళ్లు అక్కడే తిని, రోడ్డు పక్కన పారేసిపోతారు. చట్నీ ఉప్పదనానికి పశువులు వాటిని అలాగే మింగేస్తాయి. ఎన్నేళ్లుగా తను కట్టిన కవర్లు తన బర్రె పొట్టలోకే చేరుతున్నాయో ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. ఏడవలేదు. తట్ట పక్కన కింద కూలబడింది.

అప్పుడు సుజాత నన్ను పిలిచింది. పొట్టలో మిగిలిన మేత చచ్చిపోయి ఉందని చెప్పింది. బర్రె గడ్డిని తనంతట తాను అరిగించుకోలేదు. దాని పొట్టలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి, గడ్డిని అవి అరిగిస్తే, వాటివల్ల బర్రె బతుకుతుంది. ఐదారు రోజుల పస్తుకు రాణి లోపల ఆ జీవులు చాలావరకు పోయాయి. ఆరోగ్యంగా ఉన్న ఇంకో బర్రె పొట్టలోంచి రసం తీసి, కుట్టేలోపల ఇందులో పోస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. దగ్గర్లో అలాంటి బర్రె ఒక్కటే ఉంది. నిన్న స్టెతస్కోపుతో నేను విన్నది. అది పక్క పొలం రమణారెడ్డిది.

నేను మార్తమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ల మధ్య ఏడాదిగా మాటల్లేవట. పోయినేడు రమణారెడ్డి ఆవు, నిండు చూలుది, పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. నీ కవర్లు తినే పోయిందని ఆయన కొట్టు ముందుకొచ్చి అన్నాడు. ఊరంతా తిరిగే ఆవుకు నేనా బాధ్యురాల్ని, కట్టేసుకోలేకపోయినావా అని ఆమె నలుగురిలో ఎదురు తిరిగింది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోతాను అంది.

సుజాత చెయ్యి బర్రె లోపల ఉంది. కోటయ్య తల పట్టుకుని ఉన్నాడు. మిగిలింది నేనే. ముక్కూ మొహం తెలియని ఊళ్లో, జారుతున్న గట్టు మీద చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తాను.

రమణారెడ్డి మడిలో నీళ్లు కడుతున్నాడు. సన్నగా, పొడుగ్గా, అరవై దాటిన మనిషి. నేనెవరో, ఎందుకొచ్చానో రొప్పుతూ చెప్పాను. గట్టు మీద కూర్చుని ఉన్న ఆయన భార్య ముందుగా మాట్లాడింది. మా బర్రె ఈని రెండు నెలలైనా కాలేదు, గొట్టం పెట్టి లాగితే పాలు తగ్గిపోవా అని భయపడింది. తగ్గవని, పొట్టలో తీసింది ఒకటి రెండు పూటల్లో మళ్లీ ఊరుతుందని చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు పుస్తకం తప్ప ఇంకే ఆధారం లేదని తెలుసు.

రమణారెడ్డి పార మడిలో గుచ్చి అడిగాడు.

"కవర్లేనా?"

"అవునండీ. తట్టెడు."

"మా ఆవు పొట్ట గూడా ఇట్టనే రాయి మాదిరి ఉండింది" అన్నాడు. కాళ్లు కడుక్కుని, బర్రె పలుపు విప్పి నా ముందు నడిచాడు.

కోటయ్య ఆ బర్రె నోట్లో కర్రముక్క అడ్డం పెట్టి, గొట్టం లోపలికి దించి, చేతిపంపుతో రసం లాగాడు. ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు. బకెట్టులోంచి ఆవిరి లేచింది. పాత బట్టలో వడకడుతుంటే సుజాత కొంచెం గాజు సీసాలో పోయించి, ఎండకు ఎదురుగా పట్టుకోమని నాకు చెప్పింది. కళ్లు చికిలించి చూశాను. తెల్లటి నలుసులు. గాలికి తేలే నలుసుల్లా లేవు, వాటంతట అవే తిరుగుతున్నాయి. రమణారెడ్డి సీసా అందుకుని చాలాసేపు చూశాడు. మార్తమ్మకు ఇవ్వబోయి, ఒక క్షణం ఆగి, నాకు ఇచ్చాడు. నేను ఆమెకిచ్చాను.

అర బకెట్టు రసం రాణి పొట్టలో పోసి, సుజాత కుట్లు వేసింది. అన్నీ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రమణారెడ్డి తన బర్రెను తోలుకుని వెళ్లిపోయాడు.

ముత్తుకూరు

మూడో రోజు పొద్దున కొట్టు దగ్గర ఆగాము. రాణి నీళ్లు తాగింది కానీ నెమరు లేదు. మార్తమ్మ కవర్ల కట్టలన్నీ పొయ్యి పక్కన మూటగట్టి పెట్టేసింది. గిన్నె తెచ్చుకుంటేనే చట్నీ అంటోంది. ముప్పై రూపాయల ఇడ్లీకి ఇంటినుంచి గిన్నె మోసుకు రావాలా అని ఒక డ్రైవరు విసుక్కుని ఎదురు కొట్టుకు పోయాడు. ఆమె ఆ వైపు కూడా చూడలేదు, మాటిమాటికీ పాక వైపే చూస్తోంది.

అక్కడ నిలబడి చేసేదేమీ లేదని సుజాత నన్ను ముత్తుకూరు తీసుకుపోయింది. సుజాత భర్తకు పెదనాన్న కొడుకు శ్రీనివాసులు అక్కడ రొయ్యల గుంటలు కౌలుకు చేస్తున్నాడు. దూరాన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఇవతల చతురస్రాలుగా కోసినట్టు నీళ్లు. ఆయన గుంటలోంచి మేత చూసే వల పళ్లెం పైకి లాగి, ఒక రొయ్యను వేళ్ల మధ్య పట్టుకుని ఎండకు ఎత్తాడు. అద్దంలాంటి ఒళ్లు. వీపు వెంట తలనుంచి తోకదాకా నల్లటి దారం. ఆ దారమే దాని పేగు. కడుపు తలలో ఉంటుంది, పళ్లు కూడా ఆ కడుపులోనే ఉంటాయి. కొరికింది లోపలికి పోయాక అక్కడ నలుగుతుంది.

"దారం నిండుగా ఉంటే నేను అన్నం తింటా మేడం. మధ్యలో తెగినట్టుంటే ఆ పూట నాకూ ముద్ద దిగదు" అన్నాడు శ్రీనివాసులు. రోజుకు నాలుగుసార్లు ఇలా పళ్లెం ఎత్తి చూస్తాడట. పోయిన పంటలో దారాలు తెల్లబడి, వారంలో గుంట ఖాళీ అయిపోయిందని మామూలు గొంతుతో చెప్పాడు. ఆ రోజు మాత్రం దారాలన్నీ నిండుగా ఉన్నాయి. ఆయన ఇంకో నాలుగు రొయ్యల్ని ఎత్తి చూపించాడు, ఒక్కోదానికీ నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద కాలు జారి మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాను. నన్ను లాగడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

సాయంత్రం మళ్లీ కొడవలూరు. సుజాత డొక్క మీద స్టెతస్కోపు పెట్టి వింది. ఒకసారి కదిలినట్టుంది కానీ చెప్పలేనంది. రేపటికి కూడా నెమరు రాకపోతే ఆశ తక్కువని నాతో మాత్రమే అంది. నాలుగో రోజు మధ్యాహ్నం నా రైలు. టికెట్టు రద్దు చేసుకున్నాను.

మళ్లీ కొడవలూరు

నాలుగో రోజు పొద్దున మేము వెళ్లేసరికి కొట్టు తెరవలేదు. మార్తమ్మ పాకలో పీట వేసుకుని రాణికి ఎదురుగా కూర్చుని ఉంది. తెల్లవారకముందు కొంచెం పేడ వేసిందని, మెత్తగానే ఉందని చెప్పింది. రమణారెడ్డి కూడా వచ్చాడు. పాక లోపలికి రాలేదు, గుంజకు ఆనుకుని బయటే నిలబడ్డాడు. మీ బర్రె పాలు తగ్గాయా అని అడిగాను. ఆ రాత్రి తగ్గినాయి, మర్నాడు పొద్దునకు సరిపోయినాయి అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

సుజాత ఇంజెక్షన్ చేసి కుట్లు చూసింది. ఇక చేసేదేమీ లేక అందరం ఊరికే కూర్చున్నాము. హైవే మీద లారీలు పోతున్నాయి. రాణి మెల్లగా ముందుకాళ్లు మడిచి పడుకుంది. చాలాసేపు గడిచింది. ఉన్నట్టుండి దాని డొక్క ఒకసారి లోపలికి లాక్కుంది. మెడ కొంచెం ముందుకు సాగింది. మెడ కింది భాగంలో తోలు లోపల ఒక ఉండ, నిమ్మకాయ కంటే పెద్దది, కిందినుంచి పైకి జరజరా పాకింది. నోరు మూసుకునే ఉంది. దవడ పక్కకు కదిలింది. మళ్లీ కదిలింది.

నేను నా ఇరవై రెండేళ్లలో బోర్డు మీద గీసిన బాణాలన్నిటికంటే పెద్దదాన్ని చూస్తున్నాను. రాణి యాభైసార్లకు పైగా నమిలి, మింగి, కాసేపు ఆగి, రెండో ముద్ద తెచ్చుకుంది. సుజాత నా భుజం మీద తల వాల్చింది. అప్పుడే ఆమె ఎంత అలసిపోయిందో నాకు తెలిసింది.

మార్తమ్మ పీట మీదినుంచి లేచి, గుంజ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, పోయినేడు నీ ఆవు పోయినప్పుడు నలుగురిలో నిన్ను అన్న మాట తప్పు. ఆ కవర్లు నాయే."

రమణారెడ్డి ఆమె వైపు చూడలేదు, రాణి దవడ వైపే చూస్తున్నాడు. మా ఆవును అప్పుడు కోసి చూసింటే ఎవరివో తెలిసేది అన్నాడు. అప్పటికి ఈ డాక్టరమ్మను పిలవాలని తనకు తోచలేదని, ఆ తప్పు తనదేనని అన్నాడు. మార్తమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే ఎండుగడ్డి పెట్టబాక మార్తమ్మా. దానికి అరగదు. ఉండు."

అని తన పొలం వైపు దిగిపోయాడు. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. పావుగంటకు తిరిగి వచ్చాడు. గట్టు మీద అప్పటికప్పుడు కోసిన లేత గడ్డి, మంచు తడి ఇంకా ఆరనిది, రెండు చేతుల్లో పట్టినంత. గుంజ దగ్గర ఆగలేదు, తల వంచుకుని పాక లోపలికి వచ్చాడు. మార్తమ్మ రెండు చేతులూ చాపి ఆ గడ్డి అందుకుంది.